చొక్కా ఎవరిది

అక్కా,

ఒక టీచర్ని పురిట్లోనే సంధి కొట్టించింది నువ్వే. కుశలప్రశ్నలు తర్వాత. ముందు దీనికి జవాబు చెప్పు.

నీ మార్కుల కాగితం నిన్న మా కాలేజీకి చేరింది. మేం కండక్టరమ్మ అని పిలిచే నా విద్యార్థిని వరసలో మూడు ముక్కలు రాశావు. పాఠం మధ్యలో ఆగిపోయింది. తప్పు జవాబును సరిదిద్దలేదు. తరగతి అదుపు తప్పింది. కింద గీత, గీత కింద ఫెయిల్. నీ దస్తూరీ ఇప్పటికీ ముత్యాల్లా ఉంది. ఉరిశిక్ష రాయమన్నా అంతే గుండ్రంగా రాస్తావు.

ఆ తరగతి గదిలో చివరి బెంచీ మీద నీ పక్కనే కూచున్నాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పబోయేవాళ్ళకి సాహిత్యం ఎలా చెప్పాలో నేర్పడం నా ఉద్యోగం. సంవత్సరం పొడుగునా నేను నేర్పినదాన్ని ఒక్క పాఠంతో తేల్చేయడం పరీక్ష చెయ్యడానికొచ్చిన నీ పని. అక్కాచెల్లెళ్ళు ఒకే బెంచీ మీద కూచుని మార్కులేయడమేమిటని మా ప్రిన్సిపాల్ కూడా అడ్డు చెప్పలేదు. పక్షపాతం చూపించుకునేంత సఖ్యత మన మధ్య లేదని ఆయనకీ తెలిసినట్టుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూచున్నా ఫరవాలేదంటారు. మా వాళ్ళకి ఆ సామెత మీద నమ్మకం పోయింది.

నీ కాగితంలో ఆమె ఒక నంబరు. అందుకని ఆమె ఎవరో చెప్తాను, విను. ఏళ్ళ తరబడి సిటీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య డిపో బెంచీ మీద కూచుని, చిరిగిన నవలలు చదువుకుంటూ ఇంగ్లీషు పట్టింది. ప్రైవేటుగా డిగ్రీ కట్టి, సెలవు పెట్టి మా కాలేజీలో చేరింది. మొదటిరోజు అందరినీ అడిగాను, సాహిత్యం ఎందుకు చెప్పాలనుకుంటున్నారని. అందరూ ‘భాషా నైపుణ్యాల పెంపు’ దగ్గర మొదలుపెట్టి ‘విలువల పెంపు’ దగ్గర దిగారు. ఈమె లేచి, “బస్సులో ఎవరు ఎక్కడ దిగుతారో చెప్పగలను మేడం. ఎందుకెళ్తున్నారో తెలీదు. కథల్లో అది కొంచెం తెలుస్తుంది. అందుకే” అంది. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచే ఆమె పేరు కండక్టరమ్మ అయింది. ఆమె కూడా ఏం తక్కువ తినలేదు. వరండాలో గుంపుగా నిలబడి కబుర్లాడుతుంటే వెనకనుంచి వచ్చి, “లోపల ఖాళీగానే ఉంది, జరగండి జరగండి” అనేది.

ఇప్పుడు నువ్వు మెచ్చుకున్న పాఠం గురించి. కండక్టరమ్మకి ముందు, పక్క సెక్షన్లో, అదే కవిత చెప్పిన కుర్రాడు. మేమంతా బొమ్మల బాబు అంటాం. అతను ఆ రోజు అట్టతో చేసిన ఇస్త్రీపెట్టె, రంగు కాగితంతో చేసిన చొక్కా, గోడ నిండా చార్టులూ తెచ్చాడు. ప్రశ్న అడగ్గానే తరగతిలో చేతులన్నీ లేచాయి చూశావా. మురిసిపోయావు. ముందురోజు నేను స్టాఫ్‌రూమ్‌కి వెళ్తూ వరండాలో విన్నాను, అతను పిల్లలకి చెప్తున్నాడు: “రేపు అందరూ చెయ్యెత్తాలి. తెలిసినవాళ్ళు కుడిచెయ్యి. తెలీనివాళ్ళు ఎడమచెయ్యి. నేను కుడిచేతుల్నే అడుగుతాను.” అక్కా, ఆ తరగతిలో ఎన్ని ఎడమచేతులు లేచాయో నువ్వు చూసి ఉంటే ఈ దేశంలో సాహిత్యబోధన ఎలా ఉందో నీకు ఒక్క చూపులో అర్థమయ్యేది. నువ్వు చేతులు చూశావు. ఏ చెయ్యో చూడలేదు.

కవిత నీకు తెలిసిందే. అయినా ఒకసారి మళ్ళీ చదువు, నీ గైడు పక్కన పెట్టి. బయట వాన. ఒక ఆడమనిషి చొక్కా ఇస్త్రీ చేస్తుంటుంది. కాలరు, భుజాలు, చేతులు. చివరికి దాన్ని గోడకి తగిలించి, పై గుండీ దాకా పెట్టి, దానికి ఎదురుగా కూచుంటుంది. అంతే. కవిత అయిపోతుంది. బొమ్మల బాబు బోర్డు మీద ఏం రాశాడు? యుద్ధంలో చనిపోయిన కొడుకు చొక్కా, మాతృప్రేమ అమరం. ఆ కవితలో యుద్ధం ఎక్కడుంది? కొడుకు ఎక్కడున్నాడు? గైడులో ఉన్నాడు. ఎవడో గైడు రాసేవాడు అన్నం తిని చెయ్యి కడుక్కునే లోపల ఒక కొడుకుని పుట్టించి, యుద్ధానికి పంపి, చంపేశాడు. అప్పటినుంచి ఊరూరా పిల్లలు ఆ పుట్టని కొడుక్కి పరీక్షల్లో ఏడుస్తున్నారు. దానికి నువ్వు మంచి మార్కులేశావు.

కండక్టరమ్మ ఏ బొమ్మా తేలేదు. కవిత రెండుసార్లు చదివింది. బాగా చదివింది, అది నువ్వు కూడా కాదనలేవు. చదివి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: “చొక్కా ఎవరిది?” అడిగి ఊరుకుంది. అది నేను నేర్పింది. ప్రశ్న అడిగాక పిల్లల్లోంచి ఎవరో ఒకరు నోరు విప్పేదాకా నువ్వు విప్పకూడదు, ప్రాణం మీదికొచ్చినా సరే అని నా క్లాసులో నియమం. మనవాళ్ళు ప్రశ్న అడుగుతారు, గాలి పీల్చుకునే లోపల జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు. పెళ్ళికూతుర్ని అడిగితే మేనమామ తలూపినట్టు. ఆ తరగతి చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాను చప్పుడు వినిపించింది. నువ్వు పెన్ను మూత తీశావు. దాన్నే కదా ‘పాఠం మధ్యలో ఆగిపోయింది’ అన్నావు. పాఠం అప్పుడే మొదలైంది అక్కా.

కిటికీ వైపు చివరి వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మాట రాక మన భాషలోకి దిగింది. “చొక్కా ఆమెదే టీచర్.” మిగతావాళ్ళు నవ్వబోయారు. కండక్టరమ్మ, “ఎలా చెప్పగలవు? ఏ లైన్లో ఉంది?” అని అడిగింది. “ఎక్కడికో వెళ్దామని ఇస్త్రీ చేసుకుంది. వెళ్ళనివ్వలేదు. అందుకే ఎదురుగా కూచుంది. మా అమ్మ కూడా అలాగే కూచుంటుంది” అంది. అప్పుడు తరగతంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళుగా ఈ కవిత చెప్తున్నాను, నాకు తట్టలేదు. కొడుకూ లేడు, చావూ లేదు, తన చొక్కాకి తానే ఎదురుగా కూచున్న ఆడది. నీ మొహంలోకి చూశాను, ఇప్పుడేమంటావు అన్నట్టు. నువ్వు తలొంచుకుని రాసుకుంటున్నావు. కండక్టరమ్మ ఆ తర్వాత, “ఆమె గురించి ఈ కవితలో ఇంకేం తెలుస్తోంది?” అని అందరినీ అడిగింది. ఇంకో చొక్కా లేదేమో అన్నాడొకడు. వాన తగ్గితే వెళ్తుందేమో అంది ఇంకో అమ్మాయి. ఒక్క గైడు ముక్క లేకుండా పిల్లలు ఒక కవితలోకి నడిచి వెళ్ళారు. నువ్వు దానికి ‘తరగతి అదుపు తప్పింది’ అని పేరు పెట్టావు.

మనం ఈ టీచర్లని ఎలా తయారుచేస్తున్నామో నీకు తెలుసా? గట్టు మీద కూచోబెట్టి ఈత నేర్పుతున్నాం. పాఠ్యపథకాలు రాయిస్తాం, ఎడమవైపు గీత, కుడివైపు గీత. లక్ష్యాలు, స్పష్టీకరణలు, బోధనోపకరణాలు. ఏడాది మొత్తంలో ఒక్క కథల పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివారా అని అడగం. తనకే నచ్చని కవితని పిల్లలకి నచ్చేలా చెప్పమంటాం. చివరికి ఒక పెద్దావిడ వచ్చి చార్టులెన్ని, చేతులెన్ని అని చూసి వెళ్తుంది. ఆ పెద్దావిడ నువ్వు కావడమే నా దౌర్భాగ్యం.

నేను నీ మీద ఇంత కోపంగా ఎందుకున్నానో ఇంకో కారణం ఉంది. ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు మా ఇంగ్లీషు టీచరువి. నీకది మొదటి ఉద్యోగం. స్కూల్లో నిన్ను టీచర్ అనాలి, ఇంటికెళ్ళాక అక్కా అనాలి. నాకు రెండూ గర్వమే. ఒకరోజు ఒక కవిత చెప్పావు. ఇంట్లో దీపం ఉంటుంది, నూనె ఉంటుంది, ఎవరూ వెలిగించరు. ఎందుకు వెలిగించరని అడిగావు. నేను చెయ్యెత్తాను. “వెలిగిస్తే ఒకరి మొహం ఒకరు చూడాల్సొస్తుందని” అన్నాను. నీ మొహం పాలిపోయింది. “కూచో. ఇంట్లో మాట్లాడుకుందాం” అన్నావు. ఆ సాయంత్రం నీ చుట్టూ తిరిగాను. కూర తరుగుతున్నావు, పక్కన కూచున్నాను. బట్టలు మడతపెడుతున్నావు, అందించాను. నువ్వు మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. నేను ఆ తర్వాత నీ తరగతిలో మళ్ళీ చెయ్యెత్తలేదు, నువ్వు గమనించావో లేదో. నా జవాబు అంత చెత్తదా అని ఎన్నేళ్ళు అనుకున్నానో నీకు తెలీదు. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చిందే ఏ పిల్ల జవాబూ అలా గాల్లో వేలాడకూడదని. ఆ చివరి వరస అమ్మాయి లేచినప్పుడు నాకు కనిపించింది నేనే. నువ్వు మళ్ళీ ‘కూచో’ అన్నావు, ఈసారి కాగితం మీద.

రూలు చెప్తాను. పరీక్షకురాలూ నేనూ ఇద్దరం కలిసి అర్జీ పెడితే రెండో పాఠం పెట్టొచ్చు. ఒకరు పెడితే చాలదు. కండక్టరమ్మ సెలవు నెలాఖరుతో అయిపోతుంది. ఆలోపల తేలకపోతే ఆమె మళ్ళీ బస్సెక్కుతుంది. ఇక దిగదు, నాకు తెలుసు. నా సంతకం పెట్టేశాను. నీది కావాలి.

తప్పు ఒప్పుకోవడం నీకు అలవాటు లేదని తెలిసినా అడుగుతున్న,

నీ చిటపట


చిటపటా,

నీ ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివాను. అక్షరదోషాలు తగ్గాయి, సంతోషం. కోపం తగ్గలేదు, దానికి మందు లేదు.

బొమ్మల బాబు చేతుల సంగతి నేను గమనించాను. నేను టీచరుగా చేరినప్పుడే ఆ ఎత్తు పాతది. ఎడమచేతులు లెక్కపెట్టాను కూడా. అతను పిల్లలకి మేలు చెయ్యలేదు, కీడూ చెయ్యలేదు. అట్ట ఇస్త్రీపెట్టెతో ఎవరికీ కాలదు. అందుకే పాస్ చేశాను. ఇలాంటివాళ్ళని ఫెయిల్ చేస్తూ పోతే ఈ దేశంలో బడులు మూసేయాలి.

నీ కండక్టరమ్మని ఫెయిల్ చేసింది నిశ్శబ్దానికి కాదు. మన భాషకీ కాదు. ఆమె బాగా చదివింది, మంచి ప్రశ్న అడిగింది. అందుకే భయమేసింది. ఆ అమ్మాయి “మా అమ్మ కూడా అలాగే కూచుంటుంది” అంది. నీ ఉత్తరంలో ఆ మాట రాసి, తరగతి గొల్లుమంది అని రాసి, నీకు ఒళ్ళు ఝల్లుమంది అని రాశావు. ఆ తర్వాత ఆ పిల్లకి ఏమైందో రాయలేదు. ఎందుకంటే నువ్వు చూడలేదు. నేను చూశాను. తల బల్ల మీద పెట్టేసుకుంది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. నలభైమంది పిల్లలు. సాయంత్రానికి ఆ మాట వాళ్ళ వీధిలో ఉంటుంది, రాత్రికి వాళ్ళ నాన్న చెవిన పడుతుంది. ఆ అమ్మ ఎదురుగా కూచునే చొక్కా కూడా మిగలదేమో. నీ కండక్టరమ్మ ఏం చేసింది? నీ వైపు చూసింది. బాగా చేశానా మేడం అన్నట్టు. తర్వాత, పిల్లని పట్టించుకోకుండా ఇంకో ప్రశ్నకి వెళ్ళిపోయింది. నువ్వు వాళ్ళకి పిల్లల నోరు తెరిపించడం నేర్పావు చిటపటా. తెరిచాక ఏం చెయ్యాలో నేర్పలేదు. తలుపు తీయడం తెలిసి, వేయడం తెలీనివాళ్ళని నేను పిల్లల మీదికి వదలను.

ఈ కారణం కాగితం మీద ఎందుకు రాయలేదంటావు. రాస్తే ఆఫీసులో నలుగురూ చదువుతారు. ఆ పిల్ల ఇల్లు ఫైలెక్కుతుంది. అందుకని ఆఫీసు భాషలో మూడు ముక్కలు రాశాను. నన్ను మూర్ఖురాలనుకున్నా ఫరవాలేదనుకున్నాను.

దీపం సంగతి. నీ జవాబు చెత్తది కాదు. ఆ తరగతిలో నేను విన్న జవాబుల్లో అదొక్కటే నిజమైనది. అందుకే కూచోమన్నాను. ఊళ్ళో సగంమందికి అప్పటికే తెలుసు, మన ఇంట్లో అమ్మా నాన్నా మాట్లాడుకోరని. మిగతా సగానికి నువ్వు ఆ రోజు చెప్పబోయావు. ఇంట్లో మాట్లాడుకుందాం అన్నాను. ఏ ఇంట్లో? వరండాలో నాన్న, వంటింట్లో అమ్మ. మధ్య గదిలో మాట్లాడితే ఇద్దరికీ వినిపిస్తుంది. చెయ్యెత్తడం మానేశావని గమనించాను. గమనించి ఊరుకున్నాను. పదిమంది నోళ్ళలో పడటం కంటే అదే నయమనుకున్నాను.

రెండో పాఠానికి సంతకం పెట్టను. ఆమె ఇంకో ఏడాది నేర్చుకోనీ. బస్సు ఎక్కడికీ పోదు.

వేళకి తిను. నీ దగ్గు తగ్గిందా లేదా రాయలేదు.

అక్క


అక్కా,

దగ్గు తగ్గింది. కోపం ఈసారి సగం నీ మీద, సగం నా మీద. సగాలు సమానం కావు, పెద్ద సగం నీదే.

నీ ఉత్తరం అందింది. ఆ పిల్ల తల బల్ల మీద పెట్టుకోవడం నేను చూడలేదు. నిజం. జవాబు విని గెలిచాననుకున్నాను, గెలిచినవాళ్ళకి ఎవరి మొహమూ కనిపించదు. నువ్వు చెప్పింది న్యాయమే అనుకుని నీకు ఉత్తరం మొదలుపెట్టాను కూడా. రెండు వాక్యాలు రాశాక, నీకు లొంగిపోవడం నా ఒంటికి పడదని లేచి, బస్సు డిపోకి వెళ్ళాను. కండక్టరమ్మని నేనే అడగాలనుకున్నాను, నా వైపు ఎందుకు చూశావని.

టికెట్ మిషన్లు ఇచ్చే కిటికీ పక్కన బెంచీ మీద కూచుని ఉంది. యూనిఫారం ఒళ్ళో ఉంది, మడతలు విప్పలేదు. నన్ను చూసి లేవలేదు.

“మీరిక్కడికి రావడమేంటి మేడం. ఇక్కడ టికెట్ లేకపోతే నేనే ఫైన్ వేస్తాను” అంది.

కూచుని నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. వింటూ యూనిఫారం గుండీలు సర్దుకుంది.

“పెద్దమేడం అలా అనుకున్నారా” అంది. “మెప్పు కోసం చూశాననా?”

“మరి ఎందుకు చూశావు?”

“ఏం చెయ్యాలో తెలీక చూశాను. పిల్ల తలొంచేసింది. తరగతి నవ్వుతోంది. ఇంత ట్రైనింగులో ఆ ముక్క మీరెవరూ చెప్పలేదు కదా. మీరైనా సైగ చేస్తారేమోనని చూశాను. మీరు నన్ను చూడటం లేదు. పెద్దమేడం మొహం చూస్తున్నారు, పందెం గెలిచినట్టు. పెద్దమేడం తలొంచుకుని పెన్నుతో పొడుస్తున్నారు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగాయంటారు. మీ అక్కచెల్లెళ్ళ మధ్య నా పాఠం కాలు విరిగింది. కోపం రాకూడదు మేడం, ఉన్నమాట చెప్తున్నా.”

కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? అయినా అడిగాను, “మరి పిల్లనలా వదిలేసి ఇంకో ప్రశ్నకి ఎందుకెళ్ళావు?”

“వదిలేశానని ఎవరు చెప్పారు?” అంది. ఈసారి ఆమెకి కోపం వచ్చింది. “నేను ఎక్కడ నిలబడి ఆ ప్రశ్న అడిగానో చూశారా? మీరిద్దరూ?”

అక్కా, నేను చూడలేదు. నువ్వు చూశావా? కళ్ళు మూసుకుని గుర్తుతెచ్చుకో. నాకు ఆమె గొంతు గుర్తుంది. గొంతు బోర్డు దగ్గరనుంచి రాలేదు. మన పక్కనుంచే వచ్చింది, కిటికీ వైపునుంచి.

“బస్సులో ఎవరన్నా ఏడుస్తుంటే బస్సు ఆపకూడదు మేడం. ఆపితే అందరూ తిరిగి చూస్తారు. ఏమైందమ్మా అని అడగకూడదు. అడిగితే ఊరందరి ముందూ చెప్పుకోవాలి. వెళ్ళి ఆ సీటు పక్కన నిలబడతాం, వీపు అటు పెట్టి. మిగతావాళ్ళకి టికెట్లు కొడుతూ ఉంటాం. మన వీపు అడ్డముంటుంది, వాళ్ళ ఏడుపేదో వాళ్ళు ఏడ్చుకుంటారు. అదే చేశాను. సరైందో కాదో నాకు తెలీదు. అదొక్కటే వచ్చు.”

“ఆ ప్రశ్న?”

“ఆ పిల్ల ‘మా అమ్మ’ అనేసింది కదా. అందరి కళ్ళూ వాళ్ళమ్మ మీదే ఉన్నాయి. వాళ్ళమ్మని వదిలేసి మళ్ళీ కవితలో ఉన్న ఆడదాన్ని చూడండర్రా అనాలనిపించింది. అందుకే ‘ఆమె గురించి ఇంకేం తెలుస్తోంది’ అన్నాను. అడ్డమైన జవాబులన్నీ చెప్పారు. మంచిదే. బస్సు మళ్ళీ కదిలింది.”

“ఆ అమ్మాయి ఏమీ అనలేదా?”

డిపోలోకి ఒక బస్సు వచ్చి ఆగింది, జనం దిగారు, కండక్టరమ్మ అలవాటుగా టికెట్ల కోసం వాళ్ళ చేతుల వైపు చూసింది. తర్వాత అంది: “బెంచీ కిందినుంచి నా వేలు పట్టుకుంది. గంట కొట్టేముందు నాకు మాత్రమే వినిపించేలా ఒక మాట చెప్పింది. పై గుండీ దాకా పెట్టిందంటే రేపు వెళ్తుంది టీచర్, అని.”

అక్కా, ఆ కవిత చివరి గుండీకి అర్థం ఇన్నాళ్ళకి తెలిసింది. గైడులో లేదు. నా దగ్గరా లేదు. నీ దగ్గరా లేదు.

ఇక మన తగువు. నువ్వు తలుపు వేయడం తెలియాలంటావు. నేను తీయడం తెలియాలంటాను. ఇన్నేళ్ళుగా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇద్దరం పట్టుబట్టాం. కండక్టరమ్మ తలుపు తీసి, దానికి అడ్డంగా తనే నిలబడింది. నీ పద్ధతిలో పిల్ల భద్రంగా ఉంటుంది, మళ్ళీ చెయ్యెత్తదు. నన్ను చూడు. నా పద్ధతిలో పిల్ల మాట్లాడుతుంది, మాట్లాడి వీధిన పడుతుంది. రెండూ కాని దారి ఒకటి మన కళ్ళముందే నడిచి వెళ్ళింది, మనం ఒకరినొకరం ఓడించుకునే పనిలో ఉన్నాం. ఇది ఆమె ఫెయిల్ కాదు. చివరి బెంచీ ఫెయిల్.

అలాగని నిన్ను వదిలేశాననుకోకు. నలుగురు చదువుతారని అసలు కారణం దాచిపెట్టడం పిల్లని కాపాడటం అంటున్నావు. ఆ కారణం కండక్టరమ్మని పిలిచి చెవిలో చెప్పొచ్చుగా? పాఠం అయ్యాక మెట్ల దగ్గర నిలబెట్టి, ‘ఆ పిల్లని ఎందుకు వదిలేశావమ్మా’ అని ఒక్కమాట అడిగుంటే, వదల్లేదని చెప్పేది. అడగవు. నీకు అడగడం రాదు. నాకు వినడం రాదు. మన ఇంట్లో నేర్చుకున్నది అదే మరి. నాన్న వరండాలో, అమ్మ వంటింట్లో. ఆ ఇంటి అలవాటునే ఇద్దరం బడికి తీసుకెళ్ళి, దానికి నువ్వు క్రమశిక్షణ అని పేరు పెట్టావు, నేను స్వేచ్ఛ అని పెట్టాను. దానితో టీచర్లని తయారుచేస్తున్నాం.

కండక్టరమ్మ యూనిఫారం ఇంకా తొడుక్కోలేదు. నెలాఖరు దాకా ఆగుతానంది. “నా కోసం కాదు మేడం. ఆ పిల్ల చెప్పిన రేపు వస్తుందేమో చూద్దామని” అంది. డిపో మేనేజరు అటుగా వెళ్తూ, “ఏంటమ్మా, బెంచీ మీదే కాపురం పెట్టావు, ఎక్కుతావా లేదా?” అన్నాడు. “ఇంకా స్టాపు రాలేదు సార్” అంది.

నా డిమాండ్లు ఇవి. బతిమాలడం కాదు.

అర్జీ దీనితోనే పంపిస్తున్నాను. సంతకం పెట్టి, వచ్చే టపాలో పంపు.

రెండో పాఠం వేరే తరగతిలో, వేరే కవితతో. ఆ అమ్మాయిని మళ్ళీ ఎవరి పరీక్షలోనూ కూచోబెట్టొద్దు.

పాఠం అయ్యేదాకా నీ కాగితం సంచీలోనే ఉండాలి.

చివరి బెంచీ వద్దు. నువ్వు కిటికీ పక్కన, నేను గుమ్మం పక్కన. ఇద్దరం పిల్లల మొహాలు చూడాలి, ఒకరి మొహం ఒకరం కాదు.

పాఠం అయ్యాక ముందు ఆమెనడుగు, తర్వాత రాయి.

బొమ్మల బాబుకి కూడా రెండో పాఠం పెట్టు. అట్టపెట్టె లేకుండా, గైడు లేకుండా. వాడు బాగుపడతాడు, వాడిని ఇంకా ఎవరూ ఏదీ అడగలేదు.

వచ్చే ఏడు నా క్లాసుకి వచ్చి, పిల్ల నోరు విప్పాక టీచరు ఎక్కడ నిలబడాలో చెప్పు. కండక్టరమ్మని పక్కన పెట్టుకుని చెప్పు. నేను చివర కూచుని నోరు మూసుకుని వింటాను.

రెండో పాఠం రోజు పని అయ్యాక తిన్నగా మా ఇంటికి రా. ఇక్కడ వరండాలో ఎవరూ లేరు, వంటింట్లో ఎవరూ లేరు. దీపం సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం.

నీ చిటపట